వెంటపడని పడవ

1976 మార్చి 7, ఆదివారం. అమెరికా వాయవ్య మూలనున్న వాషింగ్టన్ రాష్ట్రానికి రాజధాని ఒలింపియా. ఆ ఊరిని ఆనుకుని బడ్ ఇన్‌లెట్ అనే సన్నటి సముద్రపు పాయ ఉంది. అప్పటి గవర్నరు డాన్ ఎవాన్స్ దగ్గర సహాయకుడిగా ఉన్న రాల్ఫ్ మన్రో ఆ రోజు భార్యతోనూ స్నేహితులతోనూ కలిసి ఆ పాయలో తెరచాప పడవ మీద షికారు వెళ్ళారు. అక్కడ వాళ్ళ కంటపడింది ఓర్కాల వేట. ఓర్కాలంటే కిల్లర్ వేల్స్ అని మనం వినే నలుపు తెలుపు రంగుల పెద్ద జంతువులు. డాల్ఫిన్ల కుటుంబంలో అన్నిటికంటే పెద్దవి అవే. ఒక చిన్న గుంపును స్పీడు బోట్లు వెనకనుంచి తరుముతున్నాయి. పైనుంచి విమానం కనిపెట్టి చూస్తోంది. బెదరగొట్టడానికి నీళ్ళలోకి పేలుడు గుళ్ళు విసురుతున్నారు. గుంపును పాయ కొసకు తోలి, చుట్టూ వల కట్టి, పనికొచ్చేవాటిని అక్వేరియాలకు పంపాలని వాళ్ళ ఉద్దేశం. సీ వరల్డ్ సంస్థ తరఫున, ప్రభుత్వం ఇచ్చిన అనుమతితోనే ఆ పని సాగుతోంది. ఆ జంతువుల అరుపులు తనను వదల్లేదని మన్రో తర్వాతి కాలంలో చాలాసార్లు చెప్పారు. ఆయన ఒడ్డుకు వచ్చి ఊరుకోలేదు. ఆయన చొరవతో రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకెక్కింది. వలలో పడ్డ ఆరు ఓర్కాల్లో ఒక్కటి కూడా చివరికి అక్వేరియానికి చేరలేదు. వాషింగ్టన్ నీళ్ళలో ఇక ఓర్కాలను పట్టబోమని ఆ సంస్థ ఒప్పుకోవలసి వచ్చింది.

అంతకుముందు పదేళ్ళపాటు ఈ వేట అడ్డూ అదుపూ లేకుండా సాగింది. 1970 ఆగస్టులో అదే రాష్ట్రంలో పెన్ కోవ్ అనేచోట ఎనభై దాకా ఓర్కాలను ఇలాగే బోట్లతో, విమానంతో, పేలుళ్ళతో తోలుకొచ్చి, పిల్లలను తల్లుల నుంచి విడదీసి ఏడింటిని పట్టుకుపోయారు. వలల్లో చిక్కుకుని ఊపిరాడక నాలుగు పిల్లలు చనిపోయాయి. అప్పుడు పట్టిన టోకిటే అనే ఆడ ఓర్కా మయామీలో ఒక కొలనులో యాభై ఏళ్ళకు పైగా బతికి, 2023 ఆగస్టులో అక్కడే కన్నుమూసింది. ఈ వేటలన్నిటికీ ఆయుధం ఇంజనే. ఇంజను లేకపోతే ఓర్కాను తరమడం మనిషి తరం కాదు, అది గంటకు యాభై కిలోమీటర్ల వేగం అందుకోగల జంతువు. మన్రో ఎక్కిన పడవకు తెరచాప ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఒకే పాయలో ఆ రోజున్న రెండు రకాల పడవల తేడాను పట్టించుకోవాలి. ఒకటి జంతువును వెంటాడగలదు, రెండోది వెంటాడలేదు. సముద్ర జీవులను చూద్దామని బయలుదేరే మనిషికి తెరచాప పడవే తగిన వాహనమని ఈ ప్రసంగంలో నా వాదన. అందుకు అందరూ చెప్పే కారణం నిశ్శబ్దం. అది ఒక కారణమే కానీ మొదటిది కాదు. గాలికి కట్టుబడ్డ పడవ ఎవరి వెంటా పడలేదు. దాని దగ్గరికి రావాలా, దూరంగా పోవాలా అన్న నిర్ణయం జంతువు చేతిలోనే ఉంటుంది. నా దృష్టిలో అదే అసలు కారణం.

ముందు నిశ్శబ్దం సంగతి చూద్దాం. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, సముద్రపు నీటిలో 1500 మీటర్లు పోతుంది. వెలుగు కొంత లోతుకే ఆగిపోతుంది, చప్పుడు మాత్రం చాలా దూరం వెళుతుంది. అందుకే తిమింగలాలూ డాల్ఫిన్లూ చెవితో బతికే జీవులయ్యాయి. ఓర్కా టిక్కు టిక్కుమని సన్నటి చప్పుళ్ళు వదిలి, వాటి ప్రతిధ్వని విని చేప ఎక్కడుందో పోల్చుకుంటుంది. చేప కడుపులోని గాలితిత్తి నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి అది ఏ రకం సాల్మనో కూడా గుర్తుపట్టగలదని పరిశోధకులు చూపారు. ఈ పనికి అడ్డం వచ్చేది పడవ ప్రొపెల్లర్. నీటిలో రెక్కలు వేగంగా తిరిగేటప్పుడు వాటి వెనక ఒత్తిడి బాగా తగ్గి, నీరు చిన్న చిన్న బుడగలుగా ఆవిరవుతుంది. మరుక్షణంలోనే ఆ బుడగలు పగులుతాయి. పడవ పైన ఉన్నవాళ్ళకు ఇంజను మోత ఒక్కటే వినిపిస్తుంది గానీ, నీటి కింద అసలు రొద ఈ బుడగల పగుళ్ళదే. వేగం పెరిగేకొద్దీ బుడగలు పెరుగుతాయి, రొద పెరుగుతుంది. ఆ రొదలో ఓర్కా సాల్మన్‌ను వెతకడమంటే, పొగమంచు కమ్మిన దారిలో ఎదురుగా లారీ లైట్లు కళ్ళలో కొడుతుంటే బండి నడపడం లాంటిది. చుట్టూ చప్పుడు ఎంత పెరిగితే ఓర్కాలు తమ పిలుపులను అంతగా పెంచుతాయని 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం తేల్చింది. చప్పుడు ఒక డెసిబెల్ పెరిగితే వాటి గొంతూ సుమారు ఒక డెసిబెల్ పెరుగుతుంది. ఊరికే పలకరించుకోవడానికి కూడా అవి అరవవలసి వస్తోందన్నమాట.

చప్పుడు వల్ల జంతువుకు ఇబ్బంది అని మనం ఊహించుకుంటున్నామేమో అని ఎవరైనా అడగవచ్చు. దానికి సమాధానం కెనడా తూర్పు తీరాన బే ఆఫ్ ఫండీలో దొరికింది. అక్కడ రైట్ వేల్ అనే అరుదైన తిమింగలాలు వేసవిలో మేతకు వస్తాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొద్దిరోజులు ఓడల రాకపోకలు బాగా తగ్గాయి. నీటి అడుగు చప్పుడు 6 డెసిబెల్‌లు పడిపోయింది, అంటే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు దిగింది. అదే సమయంలో రోజలిండ్ రోలండ్ అనే శాస్త్రవేత్త బృందం వేరే పని మీద ఆ తిమింగలాల పెంటను సేకరిస్తోంది. తిమింగలం పెంట కొంతసేపు నీటి మీద తేలుతుంది, దానిలో ఒత్తిడి హార్మోన్లను కొలవవచ్చు. ఓడలు తగ్గిన ఆ రోజుల్లో ఆ హార్మోన్లు కూడా తగ్గాయి. తర్వాతి సంవత్సరాల్లో అదే కాలంలో అలాంటి తగ్గుదల కనిపించలేదు. 2012లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. కావాలని ఏర్పాటు చేయలేని ప్రయోగం అది. దానికి కారణమైన ఘోరం మళ్ళీ జరగకూడదు కూడా. అయితే ఓడలు పలచబడితే తిమింగలం ఒంట్లో ఒత్తిడి తగ్గుతుందని అంత సూటిగా చూపిన సాక్ష్యాలు అరుదు.

ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలోని సాన్ వాన్ దీవుల మధ్య ఒక వేసవి రోజు తెరచాప ప్రయాణం ఎలా ఉంటుందో చూద్దాం. ఫ్రైడే హార్బర్ నుంచి పడవ బయలుదేరేది గడియారాన్ని బట్టి కాదు, ఆటుపోట్ల పట్టికను బట్టి. దక్షిణాన కాటిల్ పాయింట్ దగ్గరి ఇరుకులో నీటి వడి నాలుగు నాట్లు దాటుతుంది (నాట్ అంటే సముద్రంలో వేగాన్ని కొలిచే ప్రమాణం). పడవ వేగమే అయిదారు నాట్లు కాబట్టి, నీరు వెనక్కి తీసే వేళ చూసుకుని దానితోపాటు దిగడమే తెలివి. దారిలో రాళ్ళ మీద సీల్‌లు ఎండకు పడుకుని ఉంటాయి. సముద్ర సింహాల అరుపు, వాటికంటే ముందు వాటి వాసన, గాలివాటున వస్తాయి. నీటి మీద కెల్ప్ అనే గోధుమరంగు సముద్రపు నాచు కాడలు పొడుగ్గా ఒక వైపుకి వాలి, ప్రవాహం ఎటు పోతోందో చూపిస్తాయి. ఇంజను లేని పడవలో జంతువు ముందుగా చెవికే తెలుస్తుంది. పోర్పస్ అని డాల్ఫిన్‌ను పోలిన ఒక చిన్న జీవి ఉంది. అది పైకి వచ్చి ఉస్సుమని ఊపిరి విడిచి చప్పున మునుగుతుంది. తల తిప్పేసరికి వీపు మీది ముక్కోణపు రెక్క ఒక్కటే కనిపిస్తుంది. మోటారు పడవ వస్తే పక్కకు తప్పుకునే ఈ పిరికి జీవి, 1970ల నాటికి పక్కనున్న ప్యూజెట్ సౌండ్ నీళ్ళలో దాదాపు కనబడకుండా పోయి, గత ఇరవై ఏళ్ళలో తిరిగి వచ్చింది. దీవి పడమటి ఒడ్డున హారో జలసంధిలో అదృష్టం ఉంటే ఓర్కాలు కనిపిస్తాయి. గాలి నెమ్మదిగా ఉన్న రోజున వాటి ఊపిరి చాలా దూరం వినిపిస్తుంది. అవి ఉత్తరానికి పోతూ, గాలి కూడా ఉత్తరం నుంచే వస్తే, తెరచాప పడవ చేయగలిగిందేమీ లేదు. అవి వెళ్ళిపోతాయి, పడవ వెనకబడిపోతుంది. దాన్ని నేను ప్రయాణ వైఫల్యంగా చూడను. ఎదురుపడడం రెండు పక్షాల ఇష్టం మీద జరిగితేనే దానికి విలువ.

వెంటపడడం ఎంత నష్టం చేస్తుందో ఈ జలసంధిలోనే కొలిచారు. ఇక్కడి ఓర్కాల్లో సదరన్ రెసిడెంట్స్ అనే సమూహం చేపలు మాత్రమే తింటుంది, అందులోనూ ముఖ్యంగా చినూక్ అనే పెద్ద సాల్మన్. 1995లో ఈ సమూహంలో 98 ఓర్కాలుండేవి. ఈ మధ్య ఏటేటా లెక్కిస్తుంటే 75కు మించడం లేదు. పరిశోధకులు వీటి వీపుల మీద, పీల్చి అంటుకునే రబ్బరు కప్పులతో చిన్న రికార్డర్లు అమర్చారు. జంతువు ఎప్పుడు మునిగింది, ఎప్పుడు టిక్కుమంది, ఎప్పుడు చేపను పట్టింది, అప్పుడు చుట్టూ చప్పుడెంత అన్నది ఒకే దాంట్లో నమోదవుతుంది. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం, పడవలు సగటున 400 గజాలలోపుకు వచ్చినప్పుడు ఓర్కాలు చేపను పట్టే మునకలు తగ్గించాయి, వాటి మీద గడిపే సమయమూ తగ్గించాయి. ఆడవి మేత పని పూర్తిగా మానుకునే అవకాశం మగవాటికంటే ఎక్కువ. కడుపులో బిడ్డనో పక్కన పిల్లనో పెట్టుకోవలసిన జంతువే ముందుగా వెనక్కి తగ్గుతోంది. తగ్గుతున్న సమూహానికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

ఇక అభ్యంతరాలు. అందులో బలమైనవే ముందు తీసుకుంటాను. తెరచాప పడవ చప్పుడు చేయదు కాబట్టే తిమింగలానికి వినిపించక ఢీకొంటుంది కదా అంటారు. నిజమే. తెరచాప పడవలు తిమింగలాలను ఢీకొన్న వందకు పైగా సంఘటనలను ఒక పరిశోధకుడు ప్రపంచమంతటి నుంచి సేకరించి 2012లో ప్రచురించాడు. పందేలకు పోయే తేలికపాటి పడవలు చాలా వేగంగా వెళతాయి, వాటి వల్ల ప్రమాదం ఉంది. అయితే ఢీకొన్న జంతువు బతుకుతుందా లేదా అన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. ఓడల ప్రమాదాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, దెబ్బ ప్రాణాంతకమయ్యే అవకాశం 15 నాట్ల వేగంలో దాదాపు 80 శాతం, 9 నాట్ల దగ్గర 20 శాతం చుట్టుపక్కల అని తేలింది. అమెరికా తూర్పు తీరంలో పెద్ద ఓడలకు కొన్ని కాలాల్లో 10 నాట్ల పరిమితి 2008లో పెట్టింది అందుకే. షికారు తెరచాప పడవ ఆ పరిమితిలో సగం వేగంతో పోతుంది. కాబట్టి ముందువైపు ఒక మనిషి కన్నార్పకుండా చూస్తూ ఉండాలన్నది ఈ అభ్యంతరం నేర్పే పాఠం. మోటారు పడవ మేలని మాత్రం ఇది నిరూపించదు.

రెండో అభ్యంతరం ఇటీవలిది. 2020 నుంచి స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో, జిబ్రాల్టర్ జలసంధి దగ్గర ఓర్కాలు పడవల చుక్కానులను విరగ్గొడుతున్నాయి. వాటికి ఎక్కువగా దొరికేవి తెరచాప పడవలే. కొన్ని మునిగిపోయాయి కూడా. అది పగ తీర్చుకోవడమని కథలు అల్లారు గానీ, ఆట, లేదా గుంపులో ఒకదాన్ని చూసి ఒకటి పట్టుకున్న అలవాటు అని ఎక్కువమంది శాస్త్రవేత్తల అంచనా. అక్కడ మాత్రం ఇంజను వేసుకుని వీలైనంత తొందరగా లోతు తక్కువ నీటి వైపు వెళ్ళిపొమ్మని స్పెయిన్ అధికారులు సలహా ఇస్తున్నారు. మనుషుల ప్రాణాలు ఉన్నచోట నేనూ అదే చెబుతాను. దగ్గరికి వచ్చేదీ రానిదీ జంతువే నిర్ణయిస్తుందని ఒప్పుకున్నాక, దాని నిర్ణయం కొన్నిసార్లు మనకు ఖరీదైనదిగా ఉంటుందని కూడా ఒప్పుకోవాలి. ఆ సమూహం నలభై లోపు జంతువులతో మిగిలి, అంతరించిపోయే అంచున ఉంది. వాటిని శిక్షించాలన్న మాట నాకు సమ్మతం కాదు.

మూడోది నిశ్శబ్దం మీదనే వచ్చే అభ్యంతరం, ఇది నా వాదనకు దగ్గరగా తగులుతుంది. ఇంజను లేనంత మాత్రాన జంతువు బెదరదా? బెదురుతుంది. తెడ్డు వేసుకుని పోయే కయాక్‌లు కూడా ఓర్కాల నడవడిని మారుస్తాయని పరిశోధనలున్నాయి. చప్పుడు లేకుండా ఉన్నట్టుండి పక్కన ప్రత్యక్షమయ్యే ఆకారం సీల్ తల్లికి ఇంకా భయం. రాతి మీద పిల్లను వదిలి నీళ్ళలోకి దూకేస్తుంది. పైగా తెరచాప పడవ పూర్తిగా మౌనంగా ఉంటుందనుకోవడం పొరపాటు. చాలా పడవల్లో లోతు కొలిచే ఎకో సౌండర్ నిరంతరం పనిచేస్తూ ఉంటుంది. అందులో 50 కిలోహెర్ట్జ్ మీద నడిచేది మనకు వినపడదు గానీ ఓర్కాకు స్పష్టంగా వినపడుతుంది, దాని వినికిడి 100 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది. ఓర్కాలు దగ్గరలో ఉంటే దాన్ని ఆపేయమని వాషింగ్టన్ నీళ్ళలోని నియమావళి కోరుతోంది. అందుకే మొదటినుంచీ నేను నిశ్శబ్దాన్ని రెండో కారణంగానే పెట్టాను. నిశ్శబ్దం దగ్గరికి వెళ్ళడానికి లైసెన్సు కాదు. తెరచాప పడవ కూడా సీల్‌ల రాళ్ళకు దూరంగానే పోవాలి. కానీ ఒక తేడా చూడండి. తెరచాప పడవ తప్పు చేస్తే ఒక్కసారి చేస్తుంది. జంతువు పక్కకు తప్పుకుంటే అంతటితో ఆ తప్పు అయిపోతుంది. ఇంజను పడవ అదే తప్పును గంటసేపు చేయగలదు.

కొన్ని జంతువులు మోటారు పడవలంటేనే ఇష్టపడతాయి కదా అనేవారూ ఉన్నారు. డాల్స్ పోర్పస్ అనే మరో రకం పోర్పస్ వేగంగా పోయే పడవ ముందు లేచే అల మీద కేరింతలు కొడుతుంది. నెమ్మదిగా పోయే తెరచాప పడవను చాలాసార్లు లెక్కే చేయదు. బాగుంది. అది తానుగా వచ్చింది, తానుగా పోతుంది. దాని ఆటకు నేను అడ్డం చెప్పను. అది వెళ్ళిపోయాక పడవ తిప్పి దాని వెనకాల పోవడాన్నే తప్పంటున్నాను.

ఇంకొక ప్రశ్న కాస్త పెద్దది. ఓర్కాలు తగ్గడానికి అసలు కారణం తిండి లేకపోవడం కదా, షికారు పడవల మీద పడతారెందుకు? శామ్యూల్ వాసర్ బృందం వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి చేసిన పని దీనికి ఆధారం. టక్కర్ అనే నల్ల లాబ్రడార్ సంకర జాతి కుక్క పడవ ముందు కొసన నిలబడి, గాలిలో ఓర్కా పెంట వాసన పట్టి, ముక్కు తిప్పి దారి చూపేది. ఆ దిక్కుకు పడవ నడిపి నమూనాలు తీసేవారు. ఆ నమూనాల హార్మోన్లను బట్టి, గర్భం దాల్చిన ఓర్కాల్లో మూడింట రెండు వంతులకు బిడ్డ దక్కడం లేదని 2017లో తేల్చారు. చినూక్ సాల్మన్ కొరతే ముఖ్య కారణమని చెప్పారు. నదుల మీద ఆనకట్టలు, అతి వేట, సాల్మన్లు గుడ్లు పెట్టే తావులు పాడవడం, ఒంట్లో పేరుకున్న రసాయనాలు, ఇవన్నీ షికారు పడవకంటే పెద్ద సమస్యలే. వాటిని ఎవరూ తక్కువ చేయకూడదు. కానీ తిండి నిండుగా ఉన్న రోజుల్లో జంతువు నాలుగు చేపలు పోగొట్టుకున్నా తట్టుకుంటుంది. చేపలు పలచబడ్డప్పుడు ప్రతి చేపనూ చెవితో వెతికి పట్టుకోవాలి. అప్పుడు రొద ఇంకా ఎక్కువ దెబ్బ కొడుతుంది. సరుకు ఓడల సంగతీ అంతే. వాటి చప్పుడే ఎక్కువన్నది నిజం. అందుకే వాంకూవర్ రేవు అధికారులు 2017 నుంచి హారో జలసంధిలో ఓడలను నెమ్మదించమని కోరుతున్నారు. నెమ్మదించినప్పుడు నీటి అడుగు చప్పుడు తగ్గినట్టు హైడ్రోఫోన్లు, అంటే నీటిలో పెట్టే మైకులు, నమోదు చేశాయి. అయితే ఓడ తన దారిన తాను పోతుంది. షికారు పడవ ఓర్కా ఎటుపోతే అటు పోతుంది. రెంటినీ ఒకే గాట కట్టలేం.

గాలి లేని రోజున ఏం చేస్తారు అన్నది ఆచరణకు సంబంధించిన ప్రశ్న. సాన్ వాన్ దీవుల్లో వేసవి గాలి చాలా రోజులు మందంగానే ఉంటుంది. దాదాపు ప్రతి తెరచాప పడవలోనూ చిన్న డీజిలు ఇంజను ఉంటుంది, దాన్ని వాడక తప్పదు. రేవులోకి రావడానికి, ఇరుకులో ప్రవాహాన్ని దాటడానికి, చీకటి పడేలోగా లంగరు వేయడానికి దాన్ని వాడడంలో తప్పేముంది? ఇంజను ఇంటికి చేరడానికి ఉండాలి, జంతువును అందుకోవడానికి కాదు. ఈ ఒక్క గీత గీసుకుంటే చాలు. ఇక తెరచాప పడవ డబ్బున్నవారి ఆట అంటారు. సొంతంగా కొనుక్కోవాలంటే అవును. కానీ లైమ్ కిల్న్ పాయింట్ అనే చోట, 1919లో కట్టిన దీపస్తంభం పక్కన రాళ్ళ మీద కూర్చుంటే ఓర్కాలు ఒడ్డుకు అతి దగ్గరగా పోవడం కనిపిస్తుంది. అక్కడ నీటిలో హైడ్రోఫోన్ కూడా ఉంది. ఒడ్డు ఎవరి వెంటా పడదు. తెరచాప పడవ కంటే మేలైనది ఏదైనా ఉందంటే అదే.

నా వాదనకు అన్నిటికంటే గట్టి ఆధారం ఇటీవలి చట్టాల్లో ఉంది. 2011లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆ నీళ్ళలో ఓర్కాలకు 200 గజాలలోపు పడవలు రాకూడదంది. 2019లో వాషింగ్టన్ రాష్ట్రం సదరన్ రెసిడెంట్స్‌కు పక్కలనుంచి 300 గజాలు, ముందూ వెనకా 400 గజాలు దూరం పెట్టమంది. అర నాటికల్ మైలులో ఉంటే 7 నాట్ల వేగం దాటకూడదంది. 2025 జనవరి 1 నుంచి ఆ దూరం అన్ని వైపులా 1000 గజాలైంది. ఈ నియమాలు తెరచాప పడవకూ కయాక్‌కూ కూడా వర్తిస్తాయి, వర్తించాలి కూడా. కానీ వీటి సారం చూడండి. నెమ్మదిగా పో, దారికి అడ్డం రాకు, వెనక తరమకు, జంతువు దగ్గరికి వస్తే ప్రొపెల్లర్ ఆపి అది వెళ్ళేదాకా ఆగు. తెరచాప పడవ ఎలా నడవక తప్పదో, అలా నడుచుకోమని మోటారు పడవకు చట్టం చెబుతోంది. గాలి చేసే పనిని చట్టమూ జరిమానాలూ చేయాలని చూస్తున్నాయి. తిమింగలాల విహార పడవల నిర్వాహకులు, తమ వల్లే జనంలో ఈ జంతువుల మీద ప్రేమ పెరిగిందని అంటారు. అందులో నిజం ఉంది, వాళ్ళలో చాలామంది బాధ్యతగా నడుపుతారు కూడా. ఆ ప్రేమ 1000 గజాల దూరం నుంచి కూడా నిలవగలదని నేను నమ్ముతున్నాను. నిలవకపోతే అది ప్రేమ కాదు, ఫోటో మోజు.

సియాటిల్ చుట్టుపక్కల ఊళ్ళలో మన తెలుగువాళ్ళు వేల కుటుంబాలుగా స్థిరపడ్డారు. ఇక్కడినుంచి వెళ్ళిన తల్లిదండ్రులను ఓర్కాలు చూపించడానికి ఆ దీవులకు తీసుకువెళుతుంటారు. వాళ్ళకీ ఈ మాటలు చేరాలి. ఇంకా దగ్గర సంగతి ఒడిశాలోని చిలికా సరస్సు. శ్రీకాకుళం, విశాఖపట్నం నుంచి చలికాలంలో అక్కడి సాతపడా వెళ్ళి ఇరావడీ డాల్ఫిన్లను చూసివచ్చేవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ సరస్సులో అవి నూటయాభై చిల్లరే ఉన్నాయి. గుండ్రటి తల, ముక్కు లేని ముఖం. ఎగిరి గంతులు వేయడం అరుదు. వీపు ఒక్క క్షణం పైకి తేల్చి మునిగిపోతాయి. అందుకే పడవెక్కినవారికి తనివి తీరదు. ఇంకా దగ్గరికి పోనీయమని అడుగుతారు. పడవవాడు మళ్ళీ ఇంజను వేస్తాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. చూపించకపోతే జనం గొణుగుతారని, రేపు మరో పడవ ఎక్కుతారని అతని భయం. మన తీరంలో రెండు తరాల కిందటి దాకా తెప్పలూ నావలూ తెరచాపతోనే వేటకు వెళ్ళేవి. ఇంజను వచ్చి మత్స్యకారుడికి కష్టమూ ప్రాణభయమూ తగ్గించింది, ఆ ఇంజనును కాదనే హక్కు ఎవరికీ లేదు. నేను అడుగుతున్నది పొట్టకూటికి పోయే పడవ గురించి కాదు, చూడడానికి పోయే పడవ గురించి.

కాబట్టి శ్రోతలకు నా మనవి. ఈసారి సాతపడా వెళితే, పడవ ఎక్కే ముందే బేరంతోపాటు ఈ మాట కూడా మాట్లాడుకోండి. డాల్ఫిన్ కనిపించగానే దూరంలోనే ఇంజను ఆపమనండి. అరగంటలో ఒక్కటీ దగ్గరికి రాకపోయినా పూర్తి డబ్బు ఇస్తామని ముందే చెప్పండి. వెంటపడొద్దని అడిగేవాళ్ళు పెరిగితే, వెంటపడకుండా నడిపే పడవలూ పెరుగుతాయి.